బోరు నీటిలో యూరియా



వేసిన యూరియా అంతయు పైరుకు అందదు. మిగిలినది నైట్రేటుగా మారి, చేవెళ్ళ, మొయినాబాదు చెల్క నేలలలో నీటితోపాటు దిగి బోరులో చేరును.

త్రాగు నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటితో పాలు కలిపి పట్టినచో పసికందుల పెదవులు, గోళ్ళు నీలిబారి ప్రాణాపాయము కలుగవచ్చును. కాచినను నైట్రేటు పోదు. నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడును.

పైరుకు మాత్రము అదే ఎరువు. 45 మిల్లీగ్రాములున్న నీటిని ఎకరాకు ఒక అంగుళము పెట్టిన, సుమారు కిలో నత్రజని వేసినట్లే. పంటకాలములో 20 అంగుళములు పెట్టువారు, తెలియకనే 45 కిలోల యూరియా బస్తా ఒకటి వేయుచున్నారు! దుకాణములో కొన్నది మాత్రమే మనకు లెక్క.

కావున నీటిని పరీక్ష చేయించి, ఆ మేరకు యూరియా తగ్గించండి. మిగిలినది రెండు మూడు దఫాలుగా వేయండి. పసిబిడ్డ ఉన్న ఇంటివారు పరీక్ష ఫలితము వచ్చువరకు బోరు నీటితో పాలు కలుపకండి.