జెట్ ఇంజను – విద్యార్థి లెక్క

విమానము గాలిలో ఎట్లు నిలుచుచున్నదని అడిగినచో పలువురు రెక్కలను గూర్చి చక్కగనే చెప్పుదురు. దానిని ముందునకు త్రోయునది ఏమని అడిగినచో మాత్రము, ఇంజను వెనుకనుండి వెలువడు వేడివాయువు బయటి గాలిని తన్నుచున్నదనియు, ఆ తాపుతో విమానము సాగుచున్నదనియు సమాధానము వచ్చును. విమాన చోదనము పాఠముగా చదువుచున్న ఇంజనీరింగు విద్యార్థులలో సహితము ఇట్లు చెప్పువారు కలరు. సమీకరణము కంఠస్థమై యుండును. విషయము పట్టుబడి యుండదు. మార్కులకు సమీకరణము చాలును గనుక ఈ లోపము చాలకాలము బయటపడదు.

గోదావరిలో లోతు తక్కువైన చోట పడవవాడు గడ వేయును. గడ నేలను తన్నును. లోతైన చోట తెడ్డు వేయును. తెడ్డు నీటిని వెనుకకు నెట్టును. ఆ నీరు తెడ్డును, తెడ్డుతోపాటు పడవను ముందునకు నెట్టును. ఆకాశమున గడకు అందు నేల లేదు. కావున విమాన యంత్రములన్నియు తెడ్లే. ప్రొపెల్లరు గాని, జెట్ గాని, ముందునుండి గాలిని గైకొని అంతకంటె ఎక్కువ వేగముతో వెనుకకు పంపును. రాకెట్టు మాత్రము తాను వెనుకకు త్రోయవలసిన పదార్థమును గూడ వెంట మోసికొని పోవును. గాలి లేని చోట అది పనిచేయుటకు కారణమిదియే.

అంకెలు చెవికి ఇంపు గావని మే మెరుగుదుము. అయినను శ్రోతలు పెన్సిలు, కాగితము దగ్గర నుంచుకొనినచో ఒక చిన్న లెక్క చెప్పెదము. విమానము సెకనుకు 200 మీటర్ల వేగముతో పోవుచున్నది. ఇంజను సెకనుకు 100 కిలోగ్రాముల గాలిని గైకొని 600 మీటర్ల వేగముతో విడుచుచున్నది. పెరిగిన వేగము 400. దానిని నూటితో హెచ్చవేసిన 40,000 న్యూటనులు, ఇదియే త్రోపుడు. ఇంధనము బరువును ఇక్కడ లెక్కలోనికి తీసికొనలేదు. మరియొక ఇంజను సెకనుకు 400 కిలోగ్రాముల గాలిని 300 మీటర్ల వేగముతో విడుచుచున్నదనుకొందము. పెరిగిన వేగము 100 మాత్రమే. త్రోపుడు మరల 40,000 న్యూటనులే. కాని గాలికి ఇయ్యవలసిన శక్తి మొదటిదానిలో 16 మెగావాట్లు, రెండవదానిలో 10. విమానమునకు ఉపయోగపడినది రెండింటను 8 మెగావాట్లే. తక్కినది వెనుక గాలిలో కలిసిపోయినది. సన్నని కఱ్ఱతో నీటిని వడివడిగా కొట్టుటకును, వెడల్పయిన తెడ్డును నెమ్మదిగా వేయుటకును గల భేదమిదియే. ప్రయాణికుల జెట్ విమానముల ఇంజనుకు ముందువైపున అంత పెద్ద ఫాను ఎందులకు అమర్చిరో ఈ లెక్క చెప్పును.

ఇంతవరకు సులభము. కష్టమంతయు ఇంజను లోపల నున్నది. అక్కడ కంప్రెసరు గాలిని అదుమును. దహనపు గదిలో ఇంధనము మండును. వేడి వాయువు టర్బైనును త్రిప్పును. టర్బైను మరల కంప్రెసరును త్రిప్పును. సంపాదించిన దానిని కంప్రెసరే తినివేసినచో మిగులెక్కడ అని తెలివిగల విద్యార్థి అడుగును. అడుగవలెను గూడ. చల్లని గాలిని అదుముటకు పట్టు పనికంటె, అదే గాలి వేడెక్కి వ్యాకోచించునపుడు చేయు పని అధికము. లోపమే లేని యంత్రములో టర్బైను 100 పాళ్లు ఇచ్చి, కంప్రెసరు 60 పాళ్లు కోరినదనుకొందము. మిగులు 40. ఇప్పుడు రెండింటి సామర్థ్యమును నూటికి 75గా లెక్కకట్టుడు. టర్బైను ఇచ్చునది 75. కంప్రెసరు కోరునది 80. యంత్రము కొంత మందగించుట కాదు, అసలు నడువదు! 1903లో నార్వే దేశీయుడు ఏగిడియస్ ఎల్లింగ్ తన గ్యాస్ టర్బైనునుండి మిగులుగా రాబట్టినది 11 అశ్వశక్తులు మాత్రమే. దానినే విజయముగా చరిత్ర వ్రాసికొన్నది. ఇంగ్లండులో ఫ్రాంక్ విటిల్ 1930లో జెట్ ఇంజనుకు పేటెంటు కోరెను. 1935లో 5 పౌండ్ల రుసుము చెల్లింపలేక దానిని జారవిడిచెను. 1937లో అతని ఇంజను బల్లపై తిరిగినది. అయినను జెట్ శక్తితో మొదట ఎగిరినది జర్మనీలో ఓహైన్ ఇంజను గల హైంకెల్ విమానము, 1939 ఆగస్టు 27న.

మన దేశమునకు ఈ కష్టము అనుభవములోనిదే. కుర్ట్ టాంక్ నాయకత్వమున బెంగుళూరులో రూపొందిన మారుత్ 1961లో ఎగిరినది. విమానము చక్కనిది, తగిన ఇంజను దొరకక, సంకల్పించిన వేగము నందుకొనలేదు. తేజస్ 2001లో అమెరికా ఇంజనుతో ఎగిరినది. దానికై 1989లో అనుమతి పొందిన కావేరి ఇంజనును 2008లో ఆ విమానమునుండి వేరుచేసిరి. విమానముకంటె ఇంజనే కఠినమని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఏల కఠినము? మిగులు పెరుగవలెనన్న వాయువు ఇంకను వేడిగా నుండవలెను. ఆధునిక ఇంజనులలో టర్బైనులోనికి వచ్చు వాయువు, అక్కడి బ్లేడులు చేసిన లోహము కరగు ఉష్ణోగ్రతను గూడ మించి యుండును. బ్లేడును లోపల బోలుగా పోతపోసి, కంప్రెసరునుండి తెచ్చిన గాలిని సన్నని రంధ్రములగుండ పంపి దానిని కాపాడుదురు. మేలైన బ్లేడు మొత్తము ఒకే స్ఫటికముగా గట్టిపడునట్లు చేయుదురు. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల అట్టి ఏకస్ఫటిక బ్లేడులను, హెలికాప్టరు ఇంజనుకొరకు, అరువదింటిని తయారుచేసి ఇచ్చినట్లు 2021లో ప్రకటింపబడినది.

చోదనము చదువ వచ్చిన విద్యార్థి లోహశాస్త్రము తనకు సంబంధించినది కాదనుకొని, ఆ పాఠమును ఏదో విధముగా గట్టెక్కించుకొనును. ఈ రెండు పాఠములను ఒకే సంవత్సరమున ఉంచి, నిలువుగా కోసిన పాత ఇంజను నొకదానిని తరగతిలో నిలిపి, బ్లేడును విద్యార్థుల చేతికి ఇచ్చుట మేలని మా అభిప్రాయము.