పాలితులు పోరాటమునకు దిగిన విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ వేళ యుద్ధమును గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. నేను చెప్పదలచినది తుపాకి పట్టుటకు ముందు మనుష్యుల మనస్సులలో జరుగు కథ. ఒక దేశమువారు తమ పాలకులపై ఎప్పుడు తిరుగబడుదురు? ఆకలి హెచ్చినప్పుడా? పన్ను భారమైనప్పుడా? ఈ ప్రశ్నకు రెండు చరిత్రలను తరచి చూతము. ఒకటి సముద్రముల కావల అమెరికాలో నడచినది. రెండవది మన నేరేడ్‌మెట్‌కు చేరువనున్న బొల్లారములోను, హైదరాబాదు కోఠీ రెసిడెన్సీ యొద్దను నడచినది. రెండింటిలోను ఒకే వర్తక సంఘము కానవచ్చును. అది ఈస్టిండియా కంపెనీ.

అమెరికాలోని పదుమూడు వలస రాష్ట్రములలో పెక్కుమంది ఇంగ్లండు నుండి వెళ్ళినవారును, వారి సంతతివారును. ఇంగ్లండు రాజే వారికిని రాజు; అక్కడి భాషయే వారి భాష. 1763లో ఫ్రెంచివారితో యుద్ధము ముగిసినప్పుడు ఇంగ్లండునకు విజయముతోపాటు పెద్ద అప్పును మిగిలెను. వలసలలో నిలిపిన సైన్యము ఖర్చులో కొంత అక్కడివారి నుండియే రాబట్టవలెనని పార్లమెంటు 1765లో స్టాంపు చట్టము చేసెను. దస్తావేజులకును వార్తాపత్రికలకును స్టాంపు రుసుము విధించిరి. వలసవారు పన్ను ఎంతయని అడుగలేదు. మా ప్రతినిధి ఒక్కడైనను లేని సభకు మాపై పన్ను వేయు హక్కు ఎక్కడిదని అడిగిరి. మరుసటి యేడు చట్టము రద్దయ్యెను. ప్రశ్న మాత్రము రద్దు కాలేదు.

1773లో తేయాకు చట్టము వచ్చెను. కంపెనీ గిడ్డంగులలో అమ్ముడుపోని తేయాకు పేరుకొని, దాని వ్యవహారము చిక్కులలో పడియుండెను. దానిని ఆదుకొనుటకై తేయాకును తిన్నగా అమెరికాకు పంపి అమ్ముకొనుటకు అనుమతి నిచ్చిరి. ఇందువలన తేయాకు చౌక అయ్యెను. ఈ సంగతి మనము గట్టిగా గుర్తుంచుకొనవలెను. సరకు చౌకయైనను, తాము ఒప్పుకొనని సుంకము దానిపై నిలిచియే యుండెను. చౌక సరకు కొన్నచో సుంకమును కూడ ఒప్పుకొన్నట్లే యగునని తలచి, 1773 డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెల తేయాకును నీటిపాలు చేసిరి. ప్రభుత్వము ఆ రేవును మూసివేసెను. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్ గ్రామములో తుపాకులు ప్రేలెను. 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన వెలువడెను. 1783 నాటి సంధితో స్వాతంత్ర్యము స్థిరపడెను.

దూరదూరముగా నున్న ఆ పదుమూడు రాష్ట్రములు ఒక్కమాటపై ఎట్లు నిలిచినవి? 1772లో బోస్టన్‌వారు ఉత్తర ప్రత్యుత్తరముల సంఘమును స్థాపించిరి. ఒక ఊరి సంగతి మరియొక ఊరికి జాబుల ద్వారా చేరుచుండెను. 1776 జనవరిలో టామస్ పెయిన్ సామాన్యులకు తెలియు మాటలలో వ్రాసిన చిన్న పుస్తకము ఇంటింట చదువబడెను. చదువు రానివారికి వచ్చినవారు చదివి వినిపించిరి. అంతకు ఎంతో ముందే, 1731లో, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియా నగరములో మిత్రులను కూర్చి చందాలతో ఒక గ్రంథాలయమును నెలకొల్పెను. 1774లో వలసల ప్రతినిధుల తొలి మహాసభ కూడిన భవనపు మేడమీదనే ఆ గ్రంథాలయముండెను. సభ్యులందరును పుస్తకములు వాడుకొనవచ్చునని గ్రంథాలయమువారు తెలిపిరి. క్రింద చర్చ, మీద గ్రంథములు! చందాదారులైన మీకు ఈ సంగతి ఉల్లాసము కలిగింపక మానదు.

ఇక మన నేలకు వత్తము. స్టాంపు చట్టము వచ్చిన 1765లోనే మొగలు చక్రవర్తి ఉత్తర సర్కారులను కంపెనీకి వ్రాసియిచ్చెను. మరుసటి యేడు నిజాము దానికి సమ్మతించెను. 1781లో యార్క్‌టౌన్ వద్ద అమెరికనులకు లొంగిపోయిన సేనాని కారన్‌వాలిస్ 1786లో మన దేశమునకు గవర్నరు జనరలుగా వచ్చెను; 1788లో గుంటూరు సర్కారును నిజాము నుండి తీసుకొనెను. అక్కడ ఓడినవాడు ఇక్కడ ఏలెను.

1798 నాటి ఒడంబడికతో కంపెనీ సైన్యము నిజాము ఖర్చుపై హైదరాబాదులో నిలిచెను. 1800లో ఆ ఖర్చునకై నేడు రాయలసీమ యనబడు దత్త మండలములు కంపెనీ వశమయ్యెను. ఆ సైన్యము విడిసిన చోటికి 1806లో సికందర్ జా పేరు పెట్టిరి. అదియే మన సికిందరాబాదు. ఇది చాలక బొల్లారము ముఖ్యస్థానముగా కంటింజెంటు సైన్యము వెలసెను. జీతము నిజాముది, ఆజ్ఞ ఆంగ్లేయ అధికారులది. ఆ జీతముల బాకీ అప్పుగా పెరుగగా 1853లో బీరారును, రాయచూరు అంతర్వేదిని, మరికొన్ని తాలూకాలను దాని క్రింద వ్రాయించుకొనిరి. తనపై కాపుంచిన సైన్యమునకు తానే జీతమిచ్చి, ఇయ్యలేక భూమినే పోగొట్టుకొన్న రాజ్యము మనది.

1855 సెప్టెంబరులో మొహర్రం నాడు బొల్లారములో ఊరేగింపులపై బ్రిగేడియరు మెకంజీ ఆంక్ష పెట్టగా, కంటింజెంటు రౌతులే అతనిపై బడి తీవ్రముగా గాయపరచిరి. 1857లో ఔరంగాబాదులోని కంటింజెంటు అశ్విక దళము ఢిల్లీ చక్రవర్తికి ప్రతిగా పోరుటకు నిరాకరించెను. అందుండి తప్పించుకొని హైదరాబాదు చేరిన జమేదారు చీదా ఖాన్‌ను దివాను సాలార్ జంగు పట్టించి రెసిడెన్సీకి అప్పగించెను. జూలై 17వ తేదీ శుక్రవారము సాయంకాలము తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడువగా సుమారు 500 మంది రెసిడెన్సీపై దాడిచేసిరి. రాత్రియంతయు కాల్పులు సాగెను. తెల్లవారులోపల వారు వెనుదిరిగిరి. పట్టుబడిన తుర్రేబాజ్ ఖాన్ 1859 జనవరిలో నిర్బంధము నుండి తప్పించుకొనెను. కొలది దినములకే తూప్రాన్ దగ్గర చంపబడెను. మౌల్వీ అండమానులో ప్రవాస శిక్ష అనుభవించుచు అక్కడనే కన్నుమూసెను.

రెండు చోట్లను మూలకారణ మొక్కటే. మన ధనముతో, మన సమ్మతి లేకయే, మనపై అధికారము నడుపుట. ధైర్యమునకు ఇక్కడి వీరులు ఎవరికిని తీసిపోరు. మరి వారి పోరు ఒక్క రాత్రితో ఏల ముగిసెను? కంపెనీ ఫిరంగులును, దివాను దానికి తోడ్పడుటయు నిజమే. వానితోపాటు, మన తెలుగు పల్లెలలో చదువుటకు పత్రికగాని, కూడి చర్చించుటకు గ్రంథాలయముగాని నాడు లేవు. నాగలి పట్టిన రైతునకు బీరారు ఏల పోయినదో చెప్పువారు లేరు. పట్టణములో రగిలిన నిప్పు పల్లెలకు వెలుగు కాలేకపోయెను.

ఆ కొరత తీర్చుటకు 1901 సెప్టెంబరు 1న ఆ రెసిడెన్సీకి చేరువనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. పిదప గ్రంథాలయములు పల్లెలకు ప్రాకెను. నాటి అధికారులు వానిని అనుమానముతో చూచిరి. వారి అనుమానము నిరాధారము కాదు! ఆ గ్రంథాలయములలో మేల్కొన్నవారే 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభను జరిపిరి, వెట్టిచాకిరిని ప్రశ్నించిరి.

ఒక్క హెచ్చరిక చేసి ముగింతును. స్వేచ్ఛను చాటిన అమెరికను నాయకులలో పెక్కురు బానిసలను ఉంచుకొన్నవారే. అక్కడ బానిసత్వము రాజ్యాంగముచే నిషేధింపబడుటకు 1865 వరకు పట్టెను. కాని అందరును సమానులని ఒకసారి అచ్చయిన మాటను మరల చెరుపుట ఎవరి తరమును కాలేదు. బానిసల పక్షమున వాదించినవారు ఆ మాటనే చూపి అడిగిరి. అచ్చయిన మాట వ్రాసినవాని సొత్తుగా నిలువదు, చదివినవాని సొత్తగును.

కావున ఈ గ్రంథాలయము బీరువాలు నిండుటతో తృప్తిపడరాదు. సాయంకాలము పత్రిక బిగ్గరగా చదువు ఒకరును, విని ప్రశ్నించు పదిమందియు ఇక్కడ ఎల్లప్పుడు ఉండవలెను. స్త్రీలును, కూలివారును సంకోచములేక గడప దాటి రావలెను. తమపై నడచు అధికారము లెక్క తామే అడుగగలవారు ఈ ఊర పెరిగినచో, ఇరువదియైదేండ్ల మీ చందాలు సార్థకమైనట్లే. గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచుగాక!