పది శాతం డిస్కౌంటు వెనక సగం ధర

2025 జనవరిలో మన ఓర్వకల్లు పేరు దేశమంతా వినిపించింది. ఇండిచిప్ సెమీకండక్టర్స్, జపాన్‌కి చెందిన యిటోవా మైక్రో టెక్నాలజీతో కలిసి ఇక్కడ సుమారు 14,000 కోట్ల రూపాయలతో సిలికాన్ కార్బైడ్ చిప్పుల ఫ్యాక్టరీ పెడతామని ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మన పిల్లోళ్లంతా "అన్నా, ఉద్యోగాలొస్తాయా?" అని అడుగుతున్నారు. నా ప్రశ్న ఇంకోటి. చిప్ తయారైంది సరే, దాన్ని కొనేవాళ్లను కొననిస్తారా?

ఇంటెల్, ఏఎండీ కథ చూద్దాం. 2009 మే నెలలో యూరోపియన్ కమిషన్ ఇంటెల్‌కి 106 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆరోపణ ఏంటంటే, డెల్, హెచ్‌పీ లాంటి కంపెనీలు దాదాపు అన్ని ప్రాసెసర్లూ తన దగ్గరే కొంటేనే రిబేటు ఇస్తానంది అని. హెచ్‌పీ బిజినెస్ డెస్క్‌టాప్‌లలో అయితే 95 శాతం అన్నమాట.

"తక్కువకిస్తే తప్పేముంది?" అంటారు కదా. ఒక అంగడి లెక్క వేద్దాం. అంగడికి 100 పెట్టెలు కావాలి, పెట్టె 100 రూపాయలు. ఊర్లో జనం పెద్ద కంపెనీ పేరే అడుగుతారు కాబట్టి 80 పెట్టెలు ఎట్లాగూ వాళ్లవే కొనాలి. పోటీ అంతా మిగిలిన 20కే. పెద్ద కంపెనీ "నూరూ నా దగ్గరే కొంటే 10 శాతం తగ్గిస్తా" అంటుంది. అప్పుడు మొత్తం 9,000. కొత్తోడి దగ్గర 20 కొంటే ఆ తగ్గింపు పోతుంది, 80కే 8,000 అవుతుంది. అంటే కొత్తోడు 20 పెట్టెలూ 1,000కి ఇవ్వాలి. పెట్టె 50 రూపాయలు! పెద్దోడు పది శాతం తగ్గిస్తే, చిన్నోడు సగానికి సగం తగ్గించాలి.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. ఏఎండీ ఒక కంప్యూటర్ కంపెనీకి 10 లక్షల ప్రాసెసర్లు ఉచితంగా ఇస్తానంటే, ఆ కంపెనీ 1,60,000 మాత్రమే తీసుకుందని కమిషన్ చెప్పింది. ఊరికే ఇస్తానన్నా వద్దన్నారు! మిగతా లక్షల చిప్పుల మీద ఇంటెల్ రిబేటు పోతుందని భయం.

ఏఎండీ 2005లో అమెరికాలో కేసు వేస్తే, 2009 నవంబరులో ఇంటెల్ 125 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ పడింది. యూరప్‌లో మాత్రం కథ తిరగబడింది. అంతే సమర్థత ఉన్న పోటీదారు నిజంగా నిలబడలేడా అన్న లెక్కను కమిషన్ సరిగ్గా చేయలేదని 2022లో కోర్టు జరిమానా కొట్టేసింది. 2024 అక్టోబరులో పైకోర్టూ అదే ఖాయం చేసింది. ఏఎండీ మోడళ్లను ఆపడానికీ, ఆలస్యం చేయడానికీ డబ్బిచ్చారన్న భాగం వేరే. అది నిలబడింది. దానికి 2023లో 37.6 కోట్ల యూరోల జరిమానా మళ్లీ వేశారు.

అంటే రిబేటు ఇచ్చినంత మాత్రాన నేరం కాదు. లెక్క చూపాలి. ఆ లెక్క తేలడానికి పదిహేనేళ్లు పట్టింది. ఏఎండీ తట్టుకుంది. కొత్త కంపెనీ తట్టుకుంటుందా?

మనకూ 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఉంది. ఆధిపత్య దుర్వినియోగాన్ని సెక్షన్ 4 నిషేధిస్తుంది. సిలికాన్ కార్బైడ్ చిప్పులు ఎలక్ట్రిక్ బండ్లకీ, సోలార్ ఇన్వర్టర్లకీ వాడతారు. మన గని–శకునాల సోలార్ పార్కే 1,000 మెగావాట్లది, కాబట్టి వాడకానికి కరువు లేదు. అందుకే భూమి, నీళ్లు, కరెంటుతో పాటు ఇంకో ప్రశ్న కూడా అడుగుదాం: మొదటి చిప్ కొంటామని రాసిచ్చింది ఎవరు? మీరూ ఆలోచించండి. మళ్లీ కలుద్దాం.