ఆనకట్టల భద్రత: ప్రమాద తరగతి వేరు, స్థితి నిర్ణయం వేరు

(నీటిపారుదల, విద్యుత్ శాఖల కార్మికుల శిక్షణా తరగతిలో ఫెడరేషన్ పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఆనకట్టల భద్రత ఇంజనీర్ల వ్యవహారమనీ, కార్మిక సంఘాలకు దానితో నిమిత్తం లేదనీ భావించేవారు మనలోనూ ఉన్నారు. ఆ అభిప్రాయంతో మేము ఏకీభవించము. గేటు ఎత్తేది కార్మికుడు. గ్యాలరీలోకి దిగి ఊటనీటిని కొలిచేది కార్మికుడు. కట్ట తెగినప్పుడు ముందుగా వరద పాలయ్యేది దిగువ గ్రామాల కూలీలు, కౌలుదార్లు. ఆపైన జరిగే విచారణలో వేలు ముందుగా చూపబడేది చిరుద్యోగి వైపే. కనుక ఈ శాస్త్రపు మాటలకు అర్థమేమిటో మనం తెలుసుకొని తీరాలి.

మన దేశంలో అయిదు వేలకు పైగా పెద్ద ఆనకట్టలు ఉన్నాయి. వాటిలో వెయ్యికి పైగా యాభై ఏళ్ల వయస్సు దాటినవి. చట్టం ప్రకారం 15 మీటర్లకు మించి ఎత్తున్నది పెద్ద ఆనకట్ట. 10 నుండి 15 మీటర్ల లోపు ఎత్తున్నవి కూడా పొడవు, నిల్వ సామర్థ్యం, వరద ప్రవాహం వంటి కొన్ని కొలతలను బట్టి ఈ కోవలోకి వస్తాయి.

ఇక అసలు విషయం. ఆనకట్టకు రెండు రకాల గుర్తింపు ఇస్తారు. మొదటిది ప్రమాద తరగతి. కట్ట తెగితే దిగువన ఎంత నష్టం జరుగుతుందన్నదే దానికి కొలమానం. ఎన్ని ప్రాణాలకు ముప్పు, ఎంత ఆస్తి నష్టం, పర్యావరణానికీ పంటలకూ ఎంత హాని అని చూసి తరగతి నిర్ణయిస్తారు. కట్ట గట్టిగా ఉన్నదా, బలహీనంగా ఉన్నదా అన్నది ఇందులో లెక్కకు రాదు. రెండవది స్థితి నిర్ణయం. కట్టలో, స్పిల్‌వేలో, గేట్లలో ఈనాడు ఎటువంటి లోపాలున్నాయన్నది ఇది తెలుపుతుంది.

ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వలన ఎంతో గందరగోళం కలుగుతున్నది. "మాది ఉన్నత ప్రమాద తరగతి" అనగానే కట్ట రేపే కూలుతుందని ప్రజలు భయపడతారు. "మా కట్టకు పెద్ద లోపాలు లేవు" అనగానే దిగువ గ్రామాల గురించి ఆలోచించనక్కరలేదని అధికారులు నిశ్చింతగా ఉంటారు. రెండూ పొరపాటే. చక్కని స్థితిలో ఉన్న ఆనకట్ట కింద పట్టణం ఉంటే అది ఉన్నత ప్రమాద తరగతికి చెందుతుంది. శిథిలమైన చిన్న కట్ట కింద బీడు భూమి మాత్రమే ఉంటే అది అల్ప ప్రమాద తరగతిలోనే ఉంటుంది. మరొకటి గమనించాలి: కట్టలో ఏ మార్పూ లేకుండానే తరగతి మారవచ్చు. ముప్పై ఏళ్ల నాడు పొలాలున్న చోట నేడు కాలనీలు వెలిస్తే ప్రమాదం పెరిగినట్లే.

కేంద్ర జల సంఘం పద్ధతిలో ప్రమాదానికి నాలుగు తరగతులు ఉన్నాయి. మొదటిది అల్పమైనది, నాలుగవది అత్యంత తీవ్రమైనది. స్థితికి మూడు శ్రేణులు. ఇక్కడ వరుస తలకిందులు. మొదటి శ్రేణి అంటే కట్ట వైఫల్యానికి దారితీయగల లోపాలు. రెండవది సత్వరం సరిచేయవలసిన పెద్ద లోపాలు. మూడవది ఆ సంవత్సరంలోనే సరిదిద్దగల చిన్న లోపాలు. "ఒకటి" అన్న అంకె ఒక కాగితంలో ఊరటనిస్తుంది, మరొక కాగితంలో ప్రమాద ఘంటిక మోగిస్తుంది. ఏ కాగితం చదువుతున్నామో మనకు తెలిసి ఉండాలి.

చరిత్ర నేర్పిన పాఠాలు కొన్ని చెప్పుకుందాం. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు-2 ఆనకట్ట తెగి మోర్బీ పట్టణం మునిగిపోయింది. స్పిల్‌వేను రూపొందించిన లెక్కకంటే రెండు రెట్లకు మించిన వరద వచ్చి మట్టికట్టలను దాటి పొర్లింది. మృతులు వేలలో ఉన్నారు; సరైన సంఖ్య నేటికీ తేలలేదు. విచారణ సంఘం నివేదిక ఇవ్వకముందే రద్దయింది. పగులు లేని కట్టకు కూడా వరదను పంపే శక్తి చాలకపోతే అది సురక్షితమైనది కాదన్నది ఇక్కడి పాఠం. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 19 లక్షల క్యూసెక్కుల రూపకల్పన వరదను మించి 25 లక్షల దాకా వచ్చింది. కాంక్రీటు, రాతి కట్టడం కనుక నిలిచింది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే అది కోసుకుపోతుంది.

2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి దిగువ గ్రామాలు కొట్టుకుపోయాయి. అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలో చెప్పారు. రాష్ట్ర ప్రభుత్వం దానితో విభేదించింది. వివాదం ఎటు తేలినా, ప్రతి గేటు స్థితీ వానలకు ముందే కాగితం మీదకు ఎక్కి ఉండవలసిందని ఎవరూ కాదనలేరు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. పారుతున్న నీటిలోనే తాత్కాలిక పలకలు దించి కార్మికులు, ఇంజనీర్లు దాదాపు వారం రోజులలో ఆ ఖాళీని మూశారు. ఆ డ్యాం చెంతనే గేట్లు తయారుచేసిన ప్రభుత్వరంగ సంస్థ తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్ ఉండేది. దాని మూసివేతకు 2015లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. నైపుణ్యమున్న చేతులను ఇంటికి పంపడం లెక్కల పుస్తకంలో పొదుపుగా కనిపిస్తుంది. ఆపద రాత్రి దాని అసలు ధర తెలుస్తుంది.

ఇప్పుడు చట్టం సంగతి. 2021 ఆనకట్టల భద్రతా చట్టం ఆ ఏడు డిసెంబరు 30న అమలులోకి వచ్చింది. వర్షాలకు ముందూ తరువాతా తనిఖీ జరగాలి. పెద్ద వరదలు, భూకంపాలు వచ్చినప్పుడు ప్రత్యేక తనిఖీ చేయాలి. మరమ్మతులకు చాలినన్ని నిధులు కేటాయించవలసినది యజమాని. అత్యవసర కార్యాచరణ ప్రణాళికకూ, స్వతంత్ర నిపుణుల తొలి సమగ్ర పరిశీలనకూ అయిదేళ్ల గడువు ఇచ్చారు. అంటే 2026 డిసెంబరు చివరి వరకు. అయితే కట్ట తెగి నష్టపోయినవారికి పరిహారం హక్కుగా ఇచ్చే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. ఇది పెద్ద లోటని మా దృఢమైన అభిప్రాయం.

ఈ స్థితిలో మన కర్తవ్యం ఏమిటి? ప్రతి యూనియన్ శాఖ తమ ఆనకట్ట ప్రమాద తరగతినీ, స్థితి శ్రేణినీ లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. తనిఖీలో తాను చూడని దాని మీద ఏ కార్మికుడూ సంతకం చేయరాదు. చూసిన లోపాన్ని తేదీ వేసి రిజిస్టరులో రాయాలి. నోటి మాటతో సరిపెట్టరాదు. ఊటనీరు పెరిగినా, మట్టి కలిసి బురదగా వచ్చినా అదే గంటలో తెలియపరచాలి. ఖాళీగా ఉన్న లస్కర్, గేట్ ఆపరేటర్ పోస్టులు భర్తీ చేయమని కోరడం కేవలం ఉద్యోగాల డిమాండు కాదు, దిగువ ప్రజల ప్రాణరక్షణ డిమాండు. అత్యవసర ప్రణాళిక బీరువాలో ఉంటే చాలదు. అది గ్రామస్థుల భాషలో వారి చేతికి అందాలి, ఏటా అభ్యాసం జరగాలి.

తరగతులూ శ్రేణులూ నిపుణులు నిర్ణయించేవే. కాని ఆ నిర్ణయానికి ఆధారమయ్యే ప్రతి కొలతా ఒక కార్మికుని చేతి మీదుగా వస్తుంది. ఆ చేతికి శిక్షణ, ఉద్యోగ భద్రత, నిజం రాసే స్వేచ్ఛ ఉండాలి. ఈ మూడింటి కోసం పోరాడటమే ఆనకట్టల భద్రతకు మనం చేయగల సేవ అని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.