గెలిచింది ఏ ఆడవాళ్లు?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆడపిల్లల హక్కుల గురించి మాట్లాడమంటే ఈమె ఇంగ్లండు ఫుట్‌బాల్ సంగతి ఎత్తుకుందేమిటని మీకు అనిపించవచ్చు. కాసేపు ఓపిక పట్టండి. తిరిగి తిరిగి మన దగ్గరికే వస్తాను.

2022 జూలైలో ఐరోపా మహిళల ఫుట్‌బాల్ పోటీలు ఇంగ్లండులో జరిగాయి. ఇంగ్లండు జట్టు నార్వే మీద 8-0 తేడాతో గెలిచింది. దేశమంతా సంబరం. ఆ రాత్రి బిబిసి వ్యాఖ్యాత ఐలీ బార్బర్ ఒక మాట అన్నది. మొదట ఆడిన 11 మందీ, తర్వాత దిగిన అయిదుగురూ తెల్లవాళ్లేనని, ఇంగ్లండు మహిళల ఆటలో వైవిధ్యం లేదనడానికి ఇది గుర్తని. అంతే, ఆమె మీద విరుచుకుపడ్డారు. గెలిచిన వేళ ఈ గొడవేమిటన్నారు. ఆడపిల్లల కష్టాన్ని చిన్నబుచ్చిందన్నారు.

ఆమె చెప్పింది కళ్లముందున్న నిజమే. 23 మంది జట్టులో నల్లజాతి మూలాలున్నవాళ్లు ముగ్గురే: జెస్ కార్టర్, నికిటా పారిస్, డెమీ స్టోక్స్. ఆరు మ్యాచ్‌లూ అదే 11 మందితో మొదలయ్యాయి. ఆ ముగ్గురిలో ఒక్కరూ మొదటినుంచి ఆడలేదు.

ఇందులో ఆడిన అమ్మాయిల తప్పేమీ లేదు. జట్టు దాకా వచ్చే దారి ఎవరికి తెరిచి ఉందన్నదే ప్రశ్న. నల్లజాతి పిల్లలు ఫుట్‌బాల్ ఆడరా అంటే, అదే దేశపు మగవాళ్ల జట్టులో ఎంతోమంది ఉన్నారు. మగపిల్లల కోసం పెద్ద క్లబ్బులు నగరాల్లోని పేదవాడలను కూడా జల్లెడ పడతాయి. ఎందుకంటే అందులో డబ్బుంది. ఆడపిల్లల శిక్షణ కేంద్రాలు చాలాకాలం ఊరికి దూరంగా ఉండేవి. అక్కడికి చేరాలంటే కారుండాలి, సాయంత్రం దింపి మళ్లీ తీసుకొచ్చే తీరిక ఇంట్లో ఎవరికో ఉండాలి. రాత్రి డ్యూటీకి వెళ్లే తల్లికి ఆ తీరిక ఎక్కడిది? ఆ పిల్లను రావద్దని ఎవరూ అనలేదు. ఆమె రాలేకపోయింది, అంతే. ఈ లోపాన్ని అక్కడి ఫుట్‌బాల్ సంఘం కూడా ఒప్పుకుంది, కొత్త కేంద్రాలు తెరిచే పని మొదలుపెట్టింది.

ముందునుంచీ ఇలా ఉందనుకోకండి. 1982లోనే కెర్రీ డేవిస్ అనే నల్లజాతి యువతి ఇంగ్లండుకు ఆడింది. 1998 నుంచి 2013 దాకా జట్టుకు శిక్షకురాలు హోప్ పవెల్, ఆమే మొదటి నల్లజాతి శిక్షకురాలు. రేచెల్ యాంకీ, అలెక్స్ స్కాట్, అనీటా అసాంటే, ఎనియోలా అలూకో ఒకే కాలంలో జట్టులో ఉండేవారు. ఆటకు డబ్బూ పేరూ లేని రోజుల్లో ఉన్న స్త్రీలు, అవి వచ్చే నాటికి తగ్గిపోయారు. ఇది మనకు తెలియని కథ కాదు.

అలూకో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆమె దేశం తరఫున వందకు పైగా మ్యాచ్‌లు ఆడింది. న్యాయశాస్త్రం చదివింది. 2016లో శిక్షకుడు మార్క్ శాంప్సన్ తీరు గురించి ఫుట్‌బాల్ సంఘానికి చెప్పింది. కొద్దిరోజుల్లోనే జట్టులో చోటు పోయింది. రెండు విచారణలు ఆయన తప్పేమీ లేదన్నాయి. ఆమె పట్టు వదల్లేదు. చివరికి 2017 అక్టోబరులో, ఆమెతోనూ డ్రూ స్పెన్స్ అనే మరో క్రీడాకారిణితోనూ ఆయన జాతి వివక్షతో కూడిన మాటలు అన్నాడని తేలింది. సంఘం క్షమాపణ చెప్పింది. ఆయన్ని అంతకు ముందే వేరే కారణం మీద తొలగించారు.

నన్ను బాగా కలచివేసింది ఇంకొకటి. 2017 సెప్టెంబరు 19న, ఈ వివాదం పత్రికల్లో నడుస్తుండగా, రష్యా మీద గోల్ కొట్టగానే ఇంగ్లండు ఆటగత్తెలు పరుగున వెళ్లి ఆ శిక్షకుణ్ణి చుట్టుకున్నారు. గోల్ కొట్టిన నికిటా పారిస్ కూడా నల్లజాతి అమ్మాయే. 2020లో ఆమె అలూకోకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఒక స్త్రీ ఫిర్యాదు చేస్తే తోటి స్త్రీలు నాయకుడి చుట్టూ చేరడం మన సంస్థల్లో చూడలేదా? "సంస్థ పరువు పోతుంది, ఇప్పుడు కాదు" అని మనం ఎవరికీ చెప్పలేదా? గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పుకుందాం.

2025 జూలైలో స్విట్జర్లాండులో మళ్లీ అవే పోటీలు. పోటీల మొదటినుంచీ తనను జాతి పేరుతో తిడుతున్నారని జెస్ కార్టర్ బయటపెట్టింది. ఈసారి జట్టు ఆమె పక్కన నిలబడింది. సెమీఫైనల్‌కు ముందు మోకాలి మీద కూర్చునే అలవాటు మానేశారు. ఆ ఒక్క సంజ్ఞ చాలదు, ఇంకేదో చెయ్యాలన్నారు. జూలై 27న కార్టర్ ఫైనల్ ఆడింది, ఇంగ్లండు గెలిచింది. ఘానా మూలాలున్న 19 ఏళ్ల మిషెల్ అజెమాంగ్ క్వార్టర్ ఫైనల్లోనూ సెమీఫైనల్లోనూ చివర్లో దిగి గోల్ కొట్టి జట్టును గట్టెక్కించింది. ఆమె ఫోటోలు అన్ని పత్రికల్లోనూ వచ్చాయి. గెలిపిస్తే మన పిల్ల, తప్పు జరిగితే నల్లపిల్ల!

తెల్లవాళ్ల దేశం కాబట్టి అంతేనని మనం తప్పుకోలేం. 2021 ఒలింపిక్స్‌లో వందనా కటారియా హాకీలో మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో అలా కొట్టిన మొదటి భారతీయ మహిళ ఆమె. కొద్దిరోజులకు సెమీఫైనల్లో జట్టు ఓడిపోగానే హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాసులు కాల్చి, కులం పేరుతో తిట్టారు. ఆమె దళిత స్త్రీ. అక్కడ రంగు, ఇక్కడ కులం.

కాబట్టి మిత్రులారా, మూడు పనులు అడుగుతున్నాను. మన శిబిరాలకు ఏ వాడల పిల్లలు రావడం లేదో రాసిపెట్టుకుందాం. ఎందుకు రావడం లేదో, బస్సు ఉందో లేదో, వాళ్ల ఇళ్లకే వెళ్లి అడుగుదాం. మన పత్రికల్లో ఎవరి ఫోటో వేస్తున్నామో, ఎవరి మాట వాళ్ల నోటితోనే వేస్తున్నామో లెక్క చూసుకుందాం. మనలో ఒకామె "నాకు అన్యాయం జరిగింది" అన్నప్పుడు, ఆ రోజు మన సంఘం ఎంత సంబరంలో ఉన్నా సరే, ముందు ఆమె మాట విందాం.

బార్బర్ ఆ మాట గెలిచిన రాత్రే అన్నది. ఓడిన రోజున అని ఉంటే ఓటమికి సాకు అనేవారు. మరి ఎప్పుడు అనాలి? ఇక మీరు మాట్లాడండి, నేను వింటాను.