తగ్గించుకోవాల్సింది తిండిని కాదు
(సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య ‘డీగ్రోత్’ అనే మాట వినబడుతోంది. ఉత్పత్తినీ వాడకాన్నీ అదేపనిగా పెంచుకుంటూ పోకుండా, భూమి మోయగలిగినంతలో అందరికీ చాలేట్టు బతుకుదామన్నది దాని సారం. వినగానే మనకో అనుమానం వస్తుంది: అర్ధాకలితో ఉన్నవాణ్ణి ఇంకా తగ్గించుకోమంటారా? న్యాయమైన అనుమానమే. జవాబు కోసం జహీరాబాద్ వైపు చూద్దాం.

అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాని మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత, పేద రైతు స్త్రీలు. 1990ల మధ్యకాలంలో ముప్పైకి పైగా ఊళ్లలో వాళ్లు పడావు చెలకలను సాగులోకి తెచ్చే పని పెట్టుకున్నారు. దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి రైతుకు అప్పు ఇచ్చారు. తీర్చాల్సింది పైసల్లో కాదు, జొన్నల్లో. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వచేసి, తిండికి కటకటలాడే నెలల్లో పేద కుటుంబాలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదలో ఊరి జనమే కూర్చుని తేల్చారు. బీడు సాగైంది, కూలి దొరికింది, పశువులకు చొప్ప దొరికింది, గింజ ఊళ్లోనే ఉంది.

విత్తనమూ అంతే. సంఘం నిధి నుంచి తీసుకున్నవాళ్లు పంట చేతికొచ్చాక రెట్టింపు కొలిచి ఇస్తారు. ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, పెసర కలిపి వేస్తారు. ఒకటి ఎండినా ఇంకొకటి నిలుస్తుంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు వచ్చింది.

గమనించండి. వీళ్లు తగ్గించుకున్నది తిండిని కాదు, దుకాణానికి కట్టే డబ్బును, దానికోసం చేసే అప్పును.

కష్టాలూ దాచుకోవద్దు. చిరుధాన్యాలు దంచి చెరిగే చాకిరి ఆడవాళ్ల మీదే పడుతుంది. అమ్మబోతే ధర నిలకడగా ఉండదు. వచ్చే ఏడు ఆ చెలక తనకు ఉంటుందో ఊడుతుందో తెలియని కౌలురైతు, నేల కోలుకునేదాకా ఎలా ఆగుతాడు? అందుకే మద్దతు ధర, కౌలుదారు గుర్తింపు, ఊళ్లోనే మర కోసం మన పోరాటం ఆగదు. ‘మీరే తగ్గించుకోండి’ అని ప్రభుత్వం చేతులు దులుపుకుంటే ఒప్పుకోం.

ఈ నెల ప్రతి గ్రామ కమిటీ ఒక్క పని చేద్దాం. ఏ ఇంట్లో ఏ పాత విత్తనం మిగిలిందో రాసుకుందాం. అడగాల్సింది బూడిద, వేపాకు కలిపి గింజలు దాచిన మన అమ్మలనే. వచ్చే సమావేశానికి ఊరికో విత్తన మూటతో వద్దాం.