వంటింటి పొగ కూడ పంచాయతీ పనియే

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



మంచినీటి బావి, మురుగుకాలువ, వీధిదీపము - వీనిని గూర్చి మీ సమావేశములలో చర్చించుట పరిపాటి. వంటింటి పొగను గూర్చి తీర్మానము చేసిన పంచాయతీలు మాత్రము అరుదు. అది ఆడవారి సంగతి, ఇంటి లోపలి సంగతి యని ఊరకుండుచున్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2020లో ఇంటిలోని పొగ మూలమున ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరి. వారిలో 2 లక్షల 37 వేలకు పైగా అయిదేండ్లలోపు పసివారు.

కట్టెపొగలో కన్నులను మండించునది మనకు తెలియును. అంతకంటె కీడు చేయునది కంటికి కానరాని నుసి. దాని కణములు వెండ్రుక మందములో ఇరువదియవ వంతుకంటె సన్ననివి. ముక్కులో నిలువక ఊపిరితిత్తుల లోతునకు పోవును. ఎన్నడును చుట్ట ముట్టని స్త్రీని తీరని దగ్గు, ఆయాసము పట్టుటకును, చంటిబిడ్డకు న్యుమోనియా సోకుటకును ఇది యొక ముఖ్య కారణము.

“మా తల్లులు కట్టెలపైనే వండలేదా?” అని పెద్దలు అడుగుదురు. వండిరి, దగ్గుచునే వండిరి. అయినను పెంకుటింటిలో పెంకుల సందుల గుండ, గోడకును చూరునకును నడుమనున్న ఖాళీ గుండ పొగ కొంతయైనను వెలుపలికి పోయెడిది. ఇప్పుడు శ్లాబు వేయుచున్నాము. శ్లాబు వానను ఆపును, పొగనుగూడ ఆపును. ఒకే తలుపున్న శ్లాబు వంటిల్లు పొగకు గాదె వంటిది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకము, 2016లో కేంద్ర ప్రభుత్వపు ఉజ్జ్వల పథకము వచ్చి గ్యాసు పొయ్యి పేదల ఇండ్లకును చేరినది. ఇది గొప్ప మేలు. కాని స్నానపు నీళ్ళకు, ఎడ్లకు ఉలవలు ఉడికించుటకు, సిలిండరు అయిపోయిన దినములలో అన్నమునకును పెక్కు ఇండ్లలో కట్టెలపొయ్యియే దిక్కు.

పొగగొట్టపు పొయ్యి కొత్త విద్య కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్.పి. రాజుగారు అట్టి పొయ్యిని రూపొందించి 1953లో పుస్తకము ప్రకటించిరి. 1980లలో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిలను జాతీయ కార్యక్రమముగ దేశమంతట పెట్టించెను. వానిలో అనేకము మూలబడినవి. మట్టి పగిలెను, గొట్టమున మసి పేరుకొనెను, దులుపువారు లేకపోయిరి. పొగ మరల ఇంటిలోనికే తిరిగెను. పొయ్యి పెట్టుట ఒక దినపు పని, గొట్టము దులుపుట ఏటికేడు సాగవలసిన పని. దానిని కనిపెట్టి చూడవలసినది గ్రామమే.

వేడిగాలి పైకి పోవును. కావున పొయ్యికి పైన, శ్లాబుకు ఆనుకొని, ఒక గవాక్షముండవలెను. ఎదుటి గోడకు క్రిందుగా మంచి గాలి వచ్చు త్రోవ యుండవలెను. గ్యాసు వాడు ఇంటికిని ఇదియే అవసరము: కారిన గ్యాసు గాలికంటె బరువగుటచే నేలబారున నిలుచును. ఇక చలికాలమున బొగ్గుల కుంపటిని మూసిన గదిలో నుంచుకొని నిద్రించుట ప్రాణాంతకము. దాని విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు.

ఇంటి నిర్మాణమునకు అనుమతి కోరుచు వచ్చిన ప్లానులో వంటింటి గవాక్షము కలదా యని చూచుటకు పైసా ఖర్చు లేదు. పాఠశాల వంటశాలను, అంగన్‌వాడీ వంటగదిని మాత్రము ముందుగా చక్కబెట్టుడు. ఒక దినము వంట సాగుచున్న వేళ ఆ గదిలో పది నిముషములు నిలిచి, అక్కడ వండు అమ్మనే అడుగుడు, గవాక్షము ఎచ్చట పెట్టవలెనో ఆమె చూపును.